గాలి తక్కువ, పట్టు ఎక్కువ

పటాన్‌చెరులో గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. వెంట్రుకవాసి తేడా ఉన్నా ముక్కను పక్కన పడేస్తాను. నా సంతకం లేనిదే డబ్బా కదలదు. ఆ గర్వాన్ని ఇంటికి కూడా మోసుకొచ్చేవాణ్ణి.

ఆదివారం వస్తే టీవీలో కార్ల రేసు. నాకు కార్లకన్నా వాటి నిబంధనలంటే పిచ్చి. ఒక ఏడు ఇంజన్ మారుస్తారు, ఇంకో ఏడు టైర్లు సన్నం చేస్తారు. మా ఆవిడ పప్పుకు పోపు పెడుతుంటే పక్కన నిలబడి అవన్నీ వివరించేవాణ్ణి.

"మన బండి ఎనక టైరు గుండు లెక్కయింది. అదెప్పుడు మారుస్తవ్?" అంది ఒకరోజు.

రేసుల్లో గీతల్లేని టైర్లే వేగంగా పోతాయని చెప్పాను. ఎండలో మాత్రమే అన్న సంగతి చెప్పలేదు.

నాకు బాగా నచ్చిన నిబంధన టైర్లలో గాలి గురించి. ఇంతకన్నా తగ్గకూడదని టైర్లు చేసేవాళ్లే హద్దు పెడతారు. గాలి తగ్గితే టైరు రోడ్డును బాగా పట్టుకుంటుందని జట్లకు ఆశ. మరీ తగ్గితే టైరు పగిలే ప్రమాదం. ఇందులో రెండో సగం నా చెవికెక్కలేదు. అంత పెద్ద ఇంజనీర్లు ఆశపడే కిటుకు మన బండికి పనికిరాదా అనుకున్నాను.

మొదటి వాన పడిన సోమవారం పొద్దున, బీరంగూడలో మా ఇంటి ముందు గొంతుక్కూర్చుని వెనక టైరులో గాలి తీశాను.

"ఏంది, ఉన్న గాలి తీస్తున్నవ్?"

"పట్టు కోసం. నీకు తెల్వదు, కూసో."

కూర్చుంది. పటాన్‌చెరులోనే ఒక బడిలో లెక్కల టీచరు తను. రోజూ నా వెనకే వస్తుంది. ఎప్పటిలాగే కుడిచెయ్యి నా భుజం మీద వేసింది.

సర్వీసు రోడ్డుకు మళ్లే చోట బండి వెనకభాగం తన దారి తాను చూసుకుంది. ఇద్దరం బురదలో పడ్డాం. నాకేం కాలేదు. ఆమె మోకాలు చీరుకుపోయింది. వెనకే లారీ వచ్చి ఉంటే అన్న ఆలోచనను ఇప్పటికీ చివరిదాకా పోనివ్వలేను.

పక్కనే ఉన్న పంక్చర్ షాపు చాచా గేజీ పెట్టి చూసి నోరు తెరిచాడు. "ఇద్దరు కూసునే బండికి గింత గాలేనా సార్? ఎవరు తీసిన్రు?"

నేను టైరు వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది, కానీ చెప్పలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రోజే కొత్త టైరు వేయించాను. మా ఇంట్లోనూ కొత్త నిబంధన వచ్చింది: ప్రతి సోమవారం చాచా దగ్గర ఆగాలి.

"గాలి మంచిగనే ఉన్నది, నేను చూసిన," అన్నాను మొదటి వారం.

"నువ్వు చెప్పుడు కాదు. చాచా, జెర ముల్లు చూపియ్యి."

ఫ్యాక్టరీలో చెల్లే నా సంతకం అక్కడ చెల్లదు. చేతులు కట్టుకుని నిలబడతాను. ఆమె వంగి గేజీ చదివి తల ఊపుతుంది. అప్పుడు నేను పాస్.

తర్వాత ఎక్కి కూర్చుంటుంది. రేసు కబుర్లు కూడా వింటుంది, పాపం. మోకాలు ఎప్పుడో మానింది, వానలూ వెళ్లిపోయాయి. ఆ కుడిచెయ్యి మాత్రం ఇంకా సీటు వెనక కడ్డీనే పట్టుకుని ఉంటుంది.