నలభై రెండు ముద్రల తర్వాత ఒక సంతకం

లా కాలేజీకి యాభై ఏళ్లు నిండాయి. యాభై నిండిన మనుషులు కళ్లద్దాలు మార్చుకుంటారు, కాలేజీ మాత్రం పుస్తకం వేయాలనుకుంది. అక్కడ చదివి గొప్పవాళ్లయిన వాళ్ల జీవితాలు, తలా ఒక పేజీ. ఎవరు గొప్పవాళ్లో తేల్చే పని ఆ గొప్పవాళ్లకే వదిలేశారు, ఎవరి ఫారం వాళ్లే నింపుకోవాలి. నింపేది లాయర్లు, కోతలు కోయడంలో ఆరితేరినవాళ్లు. అందుకని కమిటీ ఒక షరతు పెట్టింది. రాసిందంతా నిజమని ప్రమాణం చేసి, నోటరీ చేత ముద్ర వేయించుకురావాలి. ముద్ర పడితే అబద్ధానికి సిగ్గేస్తుందని వాళ్ల నమ్మకం.

కోర్టు వరండా ఇటు చివర, మంచినీళ్ల కూలరు పక్కన కూర్చునే నోటరీ కూడా ఆ కాలేజీలోనే చదివాడు. ఆయన్ని అందరూ స్టాంపు గారు అంటారు. బల్లకి ఒక కాలు పొట్టి, దాని కింద మడత పెట్టిన పాత వకాలతు. ఇరవై ఆరేళ్లుగా అద్దె ఒప్పందాలూ, పేరు మార్పులూ, పోయిన సర్టిఫికెట్లూ. ఎడమచేత్తో కాగితం అందుకోవడం, కుడిచేత్తో ముద్ర కొట్టడం, కళ్లతో తర్వాతి మనిషిని పిలవడం, మూడూ ఒకేసారి జరిగిపోయేవి. ఎవరైనా అమాయకుడు "ఒకసారి చదవండి సార్" అంటే, "మీరు రాశారు, మీరు చదివారు, మళ్లీ నేనెందుకండీ మధ్యలో?" అనేవాడు. వరండా ధర్మం అది. చదివే నోటరీ దగ్గర క్యూ నిలబడదు.

ఆ వారం క్యూ కళకళలాడింది. నలభై రెండు మంది ఘనులు. పరీక్షలో ముందు బెంచీవాడి కాగితం చూసి గట్టెక్కినవాడు ఇప్పుడు న్యాయమూర్తి. క్రిమినల్ లా నాలుగుసార్లు తప్పినవాడు చట్టాలు చేసే సభలో సభ్యుడు. చదవడం చేతకానప్పుడు రాయడమే దారి అనుకున్నాడేమో. వీళ్లందరినీ మించినవాడు మైకు. కాలేజీలో గొంతు చూసి పెట్టిన పేరది, ఇప్పుడు ఊళ్లోకెల్లా పెద్ద లాయరు. "ఒరేయ్, ఇంకా ఇక్కడే ఉన్నావట్రా!" అని వీపు మీద ఒక్కటి చరిచి, ఫారం బల్ల మీద పడేశాడు. ఆ దెబ్బకి స్టాంపు గారి కళ్లద్దాలు జారాయి గానీ చెయ్యి తడబడలేదు. న్యాయమూర్తికి టప్, సభ్యుడికి టప్, మైకుకి టప్.

చివరికి తనకీ ఒక ఫారం తీసుకున్నాడు. పుస్తకం మీద మోజుతో కాదు. కూతురు అదే కాలేజీలో ఆఖరి సంవత్సరం. క్లాసులో ఎవరో "మీ నాన్నగారు ఎలా వాదిస్తారు?" అంటే పక్కవాడు "టప్ అని" అన్నాడట. నవ్వుతూనే చెప్పింది గానీ, ఆ నవ్వు ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. నువ్వెప్పుడైనా కేసు వాదించావా నాన్నా అని ఆ పిల్ల ఏనాడూ అడగలేదు. అడగకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది. ఆ సంగతి తన నోటితో కాకుండా, కూతురు అచ్చులో చూసి తెలుసుకోవాలని ఆశపడ్డాడు.

వాదించాడు, ఒకే ఒక్కటి. బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడని, భర్త పోగానే బావగారు ఇంట్లోంచి వెళ్లగొట్టబోయాడు. తమ్ముడే ఇల్లు రాసిచ్చాడంటూ నోటరీ ముద్ర ఉన్న కాగితం చూపించాడు. అప్పటికింకా కుర్ర లాయరైన స్టాంపు గారు ఆ కాగితాన్ని పదకొండుసార్లు చదివాడు. సంతకం చేసినట్టున్న రోజున ఆ భర్త ఆస్పత్రిలో ఉన్నాడు, కుడిచేతికి కట్టుతో. "చదవకుండా ముద్ర వేసే నోటరీ, తాళం తీసిపెట్టి దొంగని పిలిచే కాపలావాడు" అని ఆ నోటరీని నిండు కోర్టులో ఉతికి ఆరేశాడు. ఇల్లు ఆవిడకి దక్కింది. కేసు చేపట్టిన వకాలతు కాగితంలో రెండో పేరు మైకుది, ఆ పూట వెనక బెంచీ మీద కునుకు తీస్తున్నాడు. స్టాంపు గారికి ఆ తర్వాత రెండో కేసు రాలేదు, వరండా వచ్చింది.

తన కాగితానికి తానే ముద్ర వేసుకోకూడదు గనక, అటు చివరి నోటరీ చేత వేయించి ఫారం పంపాడు. వారంలో తిరిగొచ్చింది, ఒక ఉత్తరంతో సహా. "మీరు పేర్కొన్న కేసును సీనియర్ న్యాయవాది ఒకరు తమ విజయంగా ఇదివరకే పేర్కొన్నారు. వారి ఫారం మీద ముద్ర మీదే. గమనించగలరు."

గమనించాడు. మైకుకి ఫోన్ చేస్తే, "వకాలతులో నా పేరూ ఉందిగా! అయినా ముద్ర వేసేటప్పుడు కళ్లెక్కడ పెట్టుకున్నావురా?" అని పగలబడి నవ్వాడు. ఇరవై ఆరేళ్లలో మైకు అన్న ఒకే ఒక్క నిజం అదే.

ఉత్తరం కూతురి కంటపడింది. "చదవకుండానే వేశావా నాన్నా?" అంది. ఆయన నిజంగానే సిగ్గుపడ్డాడు.

మర్నాడు నాలుగు పేజీల ప్రమాణపత్రం రాశాడు. నలభై రెండూ చదవకుండా వేశాననీ, వాటిలో ఏది నిజమో తనకి తెలియదనీ, ఆ కేసు మాత్రం తనదనీ. ఇది కమిటీకి చేరితే తన నోటరీ ముద్రే ఊడుతుందని తెలుసు. అయినా కూతుర్ని వెంటబెట్టుకుని అటు చివరికి వెళ్లాడు.

"ఏంటి గురూ, అద్దె ఒప్పందమా?" అన్నాడు అక్కడి నోటరీ.

"అలాంటిదే."

టప్. "సాక్షి సంతకం పెట్టించేసుకో" అంటూ అతను తర్వాతి మనిషి వైపు తిరిగాడు.

స్టాంపు గారు కాగితాలు కూతురికిచ్చి, సంతకం చేయాల్సిన చోట వేలు పెట్టాడు.

"ఉండు నాన్నా, చదవనీ."

నిలబడే చదివింది. వెనక క్యూలోంచి "ఇదేమన్నా లైబ్రరీనా అమ్మా?" అని ఒకాయన విసుక్కున్నాడు. స్టాంపు గారు నిండు కోర్టులో కూడా అంత భయపడలేదు. రెండో పేజీలో ఆస్పత్రి తేదీ దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచీ చదివింది.

"ఆవిడ ఇంకా ఆ ఇంట్లోనే ఉందా?"

"ఉంది. నీ నల్లకోటు కుట్టింది ఆవిడే."

కూతురు పేజీ తిప్పింది. నాలుగో పేజీ చివరిదాకా చదివి సంతకం చేసి, కాగితాలు తిరిగి నోటరీ ముందు పెట్టింది.

"ముద్రలో నిన్నటి తేదీ ఉందండీ. మార్చి మళ్లీ వేయండి."

అతను విసుగ్గా కాగితం అందుకుని, మొదటిసారి అందులోకి తొంగిచూసి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. స్టాంపు గారు అతని వైపు చూడనే లేదు.

"తేదీలు చూడటం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ఇప్పుడే నాన్నా, రెండో పేజీలో."