బిర్యానీ హోటల్ ముందు గేటు మీటింగ్

గోదావరిఖనిలో మా బిర్యానీ హోటల్ పేరుకు హైదరాబాద్ కంపెనీది, వంటకు నాది, ఊరి దృష్టిలో మా ఆయనది. ఫ్రాంచైజీ తీసుకున్నప్పుడు ఆయన ఇంకా బొగ్గుబాయి డ్యూటీలో ఉన్నాడు కాబట్టి అగ్రిమెంటు నా పేరున రాయించాం. ఆ సంగతి కంపెనీ ఆఫీసరుకు సంతకం కావలసినప్పుడే గుర్తొచ్చేది.

గడువు ముగిసే ముందు ఆయన రెన్యువల్ కాగితాలు పట్టుకొచ్చాడు. అన్నీ ఇంగ్లీషు. పక్క క్వార్టర్ టీచరమ్మతో తెలుగులో రాయించుకున్నాను. రాస్తూ రాస్తూ ఆమె ఒకచోట ఆగింది. ఈ రోజు వరకు కంపెనీ మీద ఉన్న హక్కులన్నీ వదులుకుంటున్నాం, ఏ విషయంలోనూ దావా వేయం అని ఉందట. నాకు ఒళ్లు మండింది. ఈ ఊళ్లో ఇంకో బ్రాంచి పెట్టబోమని పాత అగ్రిమెంటులో రాసిచ్చి, బస్టాండు దగ్గర రెండోది తెరిచింది ఈ కంపెనీయే. ఆ నష్టం అడగకుండా ఇప్పుడు నా నోటికి తాళం. పైగా నియమాలు తప్పకపోతే రెన్యువల్ మా హక్కని పాత కాగితంలో ఉంది. అందుకోసం మిగతా హక్కులు వదులుకోవాలని ఎక్కడా లేదు.

ఆఫీసరును నిలదీస్తే, అందరూ సంతకం పెడుతున్నారమ్మా అన్నాడు, అదీ మా ఆయన మొహం చూసి. మా ఆయనకు భయం పట్టుకుంది. వాలంటరీ రిటైర్మెంటులో వచ్చిందంతా ఈ హోటల్‌లోనే పెట్టాడు. రెన్యువల్ కాకపోతే రోడ్డున పడతామని, సంతకం పెట్టేయమని బతిమాలాడు.

"గేటు మీటింగుల సదివి చెప్పకుంటె మీరెన్నడన్న ఏ ఒప్పందమన్న ఒప్పుకున్నరా? మరి నేనెట్ల ఒప్పుకుంట?" అన్నాను.

కోపంలో అన్న మాట అది. బాయి దగ్గర షిఫ్టు మారేవేళ యూనియన్ వాళ్లు ఒప్పందమంతా గట్టిగా చదివి, చేతులెత్తమని అడిగేవారు. మా ఆయన ఆ గుంపులో నిలబడి చెయ్యెత్తినవాడే తప్ప ఏనాడూ నోరు విప్పినవాడు కాదు. అలాంటి మనిషి మర్నాడు, మొదటి షిఫ్టు దిగి తిండికొచ్చిన వాళ్ల ముందు, హోటల్ బయట స్టూలెక్కి టీచరమ్మ రాసింది చదవడం మొదలుపెట్టాడు.

బోనస్ గురించా, బిర్యానీ గురించా అని ఎవరూ అడగలేదు. అలవాటు కొద్దీ వచ్చి చుట్టూ నిలబడ్డారు. సంతకం కోసం వచ్చి లోపల తింటున్న ఆఫీసరు ముద్ద నోట్లో ఉండగానే బయటికి పరుగెత్తుకొచ్చాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు, ఎప్పుడు ఏది బంద్ అవుతుందో తెలియదు. హోటల్‌లో కూడా సమ్మె అనుకున్నాడు పాపం. మా ఆయన పాత అగ్రిమెంటులోని రెన్యువల్ హక్కు కూడా చదివి, కొత్తదాంట్లో హక్కులు వదులుకునే పేరా దగ్గర ఆగి, దీనికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు. ఒక్క చెయ్యి లేవలేదు. అది తీసేస్తేనో అన్నాడు. ఎంగిలి చేతులతో సహా అన్నీ లేచాయి.

ఆఫీసరు పక్కకు వెళ్లి హైదరాబాద్‌కు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. వచ్చి ఆ పేరా కొట్టేసి పక్కన సంతకం చేశాడు. బస్టాండు బ్రాంచి సంగతి విడిగా తేల్చుకుందామన్నాడు. తేల్చుకునే హక్కు పోలేదు కదా, నాకు అదే చాలు.

తర్వాత ఎప్పటిలాగే పెన్ను మా ఆయన వైపు చాపి, మేడమ్‌ను పెట్టమని చెప్పండన్నాడు.

"నాకెందుకు చెప్తున్నరు సార్? హోటల్ ఆమెది. ఆమెనే అడుగుండ్రి," అన్నాడు మా ఆయన, స్టూలు దిగకుండానే.

నలుగురి ముందు ఆయన ఆ మాట అనడం అదే మొదలు. పేరా కొట్టేసినప్పటికన్నా అప్పుడే నాకు ఎక్కువ సంతోషమైంది. ఆఫీసరు నా వైపు తిరిగి, సంతకం పెడతారా అమ్మా అని అడిగాడు. చేతులకు మసాలా ఉంది, కడుక్కుని వస్తాను, కూర్చోమన్నాను. నిదానంగానే కడుక్కున్నాను.