వైరు తీయగానే ఆరిపోయిన ల్యాప్‌టాప్

మీ ఇంట్లో ఒక వస్తువు పాడైతే ముందు ఆ వస్తువును చూస్తారా, దాన్ని వాడిన ఆడమనిషిని చూస్తారా? తొందరపడి జవాబు చెప్పకండి. మిక్సీ ఆగిపోయిన రోజున మీ నోట మొదట ఏ మాట వచ్చిందో గుర్తు చేసుకుని చెప్పండి.

ఈ ప్రశ్న నేను చాలా సభల్లో అడిగాను. అడగడం మొదలైంది మాత్రం మా మేనకోడలి ల్యాప్‌టాప్ బ్యాటరీ పాడైన తరువాతే.

ఆమెను రాజోలు దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. భర్త జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. మామగారు లేరు. అత్తగారే కొబ్బరి తోట చూసుకుంటూ, కాయ బేరాలన్నీ తానే చేసేది. మా పిల్ల ఇంట్లోనే ఉండి ఒక ఉద్యోగం చేసేది. విదేశంలో డాక్టర్లు రోగిని చూశాక తాము గమనించిందంతా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. దాన్ని విని టైపు చేసి, ఏ రోజుది ఆ రోజే పంపాలి. కాకినాడలో ఉన్న ఆఫీసు వాళ్లే ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఆ వేసవిలో పగలు కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు. అందుకే ఆ ఉద్యోగం మొత్తం బ్యాటరీ మీద నడిచేది.

ఒకరోజు ఫోను చేసింది.

"మావయ్యా, కరెంటు పోగానే ల్యాప్‌టాప్ కూడా ఆరిపోతోంది. సగం కొట్టిన ఫైలు పోతోంది. ఇంకోసారి ఆలస్యమైతే నా పని వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు ఆఫీసువాళ్లు. ఇంట్లోనేమో ఎలాగూ పాడైంది కదా, మానెయ్యమంటున్నారు. నువ్వొకసారి రా. ఉపన్యాసం ఇవ్వకూడదు మరి."

అమలాపురంలో బస్సెక్కి వెళ్లాను.

అత్తగారు అరుగు మీద కూర్చుని కాయలు ఏరుతోంది. ఒక్కో కాయా చెవి దగ్గర పెట్టి ఊపుతోంది. ఇంకా నీళ్లు చప్పుడు చేస్తే ఒక కుప్పలోకి, నీరింకిపోయి లోపలి కొబ్బరి విడివడి గలగలలాడితే ఇంకో కుప్పలోకి. ఆ రెండో కుప్పనే కురిడీ అంటారు. ధర దానికే.

"రండి బావగారూ. కాఫీ తాగి మీ మేనకోడలికి నాలుగు మంచి మాటలు చెప్పండి. ఆ పెట్టె దానికి అచ్చిరాలేదండి. మొన్న తోటలో మోటారు కాలిపోయింది, ఇప్పుడిది. దాని చెయ్యి పడితే ఇంతేనండి."

"మోటారు మా పిల్ల వేసిందా అమ్మా?"

"లేదండి, పాలేరు వేసేడు. అయినా అప్పటికి ఇది కాపురానికి వచ్చేసింది కదండీ!"

మేనకోడలి భర్త, మా అల్లుడు, లోపలినుంచి కుర్చీ తెచ్చి వేశాడు. తల్లి మాటకు కాస్త సిగ్గుపడ్డట్టు కనిపించాడు.

"ఈ అచ్చిరావడాలూ అవీ నేను నమ్మనండి పెదనాన్నగారూ. నాది సైన్సు. ల్యాప్‌టాప్‌లోంచి రేడియేషన్ వస్తుందండి. ఆడవాళ్లకి మంచిది కాదు. పైగా అది వేడెక్కిపోతోంది. బ్యాటరీ చచ్చిపోయిందంటేనే తెలియట్లేదేటండీ?"

"మగవాళ్లకి మంచిదేనా?"

"మగవాళ్లకి... అంత ఉండదండి."

"మీ కాలేజీలో కంప్యూటరు ఎవరు వాడతారు?"

"నేనేనండి."

తల్లి మాటకన్నా కొడుకు మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఆమె తనకు తెలిసిన నమ్మకాన్ని దాచకుండా చెప్పింది. ఇతను అదే నమ్మకానికి ప్రయోగశాల కోటు తొడిగి తీసుకొచ్చాడు. ఇద్దరి తీర్పూ ఒకటే: పిల్ల పని మానుకోవాలి. తేడా అల్లా దానికి చెప్పే కారణంలోనే. పాఠం చెప్పడానికి నేను గొంతు సవరించుకున్నాను. గుమ్మంలో నిలబడి మేనకోడలు నన్ను ఒక చూపు చూసింది. ఊరుకున్నాను.

ఆమె మమ్మల్ని గదిలోకి పిలిచి, మంచం మీదున్న ల్యాప్‌టాప్ తిప్పి, అడుగునున్న బ్యాటరీ ఊడదీసింది. ఉత్త వైరు మీద వేసింది. వెలిగింది. అంటే చార్జరు బాగానే ఉంది. బ్యాటరీ మళ్లీ పెట్టింది. నిండుగా ఉందని తెర మీద చూపించింది. వైరు లాగగానే ఆరిపోయింది. పక్క గదిలో ప్లగ్గులో పెట్టి చూపించింది. అక్కడా అంతే. బ్యాటరీ తగిలే రాగి పళ్లను పొడిగుడ్డతో తుడిచి పెట్టింది. మార్పు లేదు.

"ఇంక ఒక్కటే మిగిలింది మావయ్యా. ఇలాంటిదే, బాగున్న బ్యాటరీ ఇంకోటి పెట్టి చూడాలి. అప్పుడూ ఆరిపోతే ల్యాప్‌టాప్‌లో లోపం. నిలిచిందా, మన బ్యాటరీలోనే లోపం. నిన్న ఈ మాటే చెప్పేను."

"ఎవరికి?"

"అందరికీ."

అలాంటి బ్యాటరీ దూరంలో ఏమీ లేదు. ఆ ఊరి దళితుల పేటలోనే ఉంది. అక్కడ ఒక హెడ్మాస్టరుగారి కూతురు అదే ఆఫీసుకు పని చేస్తోంది. ఇద్దరికీ ఒకే రకం ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. కాలేజీలో చదివేటప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ. అయితే ఆ పిల్ల తాతలు ఈ తోటలో కూలి చేసినవాళ్లు. చర్చి పక్కనే ఇల్లు. ఈ ఇంటినుంచి ఆ ఇంటికి కూలి డబ్బులు వెళ్లాయి, పాత బట్టలు వెళ్లాయి. అక్కడినుంచి ఒక వస్తువు అడిగి తెచ్చుకోవడం మాత్రం ఎన్నడూ లేదు.

అర్థమైందా? అచ్చిరాకపోవడమూ కాదు, రేడియేషనూ కాదు. చేయవలసిన పరీక్ష ఏదో తెలుసు. కావలసిన వస్తువు ఎక్కడుందో తెలుసు. అడగడానికి అహం ఒప్పుకోలేదు. దానికి బదులు ఒక పిల్ల ఉద్యోగం పోయినా ఫరవాలేదనుకున్నారు.

నేను అరుగు మీదికి వచ్చాను.

"అమ్మా, చెవి దగ్గర పెట్టి ఊపకుండా కాయని కురిడీ కుప్పలో వేస్తారా?"

"ఎందుకేస్తానండీ! అంబాజీపేట మార్కెట్లో నాలుగు కాయలు కొట్టి నా మొహాన చూపించి, లోడంతా వెనక్కి పంపెయ్యరూ?"

"మరి మా పిల్లని చూడకుండానే పనికిరాని కుప్పలో వేసేశారేం?"

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది. కోడలి చేతిలోంచి బ్యాటరీ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపింది.

"ఏమీ వినపడట్లేదే."

"వినపడదు అత్తయ్యా. దీని పక్కన ఇంకో కాయ పెట్టి చూడాలి."

"సరే, రమ్మను దాన్ని. నాకేం భయమా?"

కబురు వెళ్లిన కాసేపటికి హెడ్మాస్టరుగారి అమ్మాయి సైకిలు మీద వచ్చింది. అల్లుడు నాకు వేసిన కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేశాడు, అరుగు మీదే. ఆ అమ్మాయి కుర్చీనీ గుమ్మాన్నీ చూసి నవ్వింది.

"ఆయ్, పర్లేదండి. బ్యాటరీకి ప్లగ్గు అక్కర్లేదు కదా. ఇక్కడే చూసేద్దాం."

మేనకోడలు ల్యాప్‌టాప్ బయటికి తెచ్చింది. ఆ అమ్మాయి తన బ్యాటరీ దానికి బిగించి మీట నొక్కింది. ఎర్రటి ఎండ. తెర మీద మా మొహాలు తప్ప ఏమీ కనిపించలేదు. అత్తగారు వంగి, కొంగు అడ్డం పెట్టి చూసింది.

"ఏదీ? వెలిగిందో లేదో నాకెలా తెలుస్తుంది?"

"మీరు లోపలికి పట్టుకెళ్లి చూడండి ఆంటీ. నేనిక్కడే ఉంటాను."

మెత్తగానే అంది. తగలవలసిన చోట తగిలింది. అత్తగారు ఆ అమ్మాయిని తేరిపార చూసింది.

"నీ వస్తువు నువ్వు లేకుండా చూస్తే, రేపు ఏదో మార్చేసేనంటావు. కాయ కొట్టేటప్పుడు ఇద్దరూ ఉండాలి. రా లోపలికి."

ఆమె క్షమాపణ చెప్పలేదు, మారిపోయాననీ చెప్పలేదు. బేరం పద్ధతి చెప్పింది. ఆ అమ్మాయి చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది.

ఏ వైరూ లేకుండా తెర వెలుగుతూనే ఉంది. అత్తగారు చాలాసేపు దాని ముందు నిలబడింది, అరువు బ్యాటరీ ఎప్పుడు మోసం చేస్తుందో చూద్దామన్నట్టు. అది చెయ్యలేదు. అప్పుడు ఆ అమ్మాయి మంచం మీదున్న ముఖమల్ తొడుగు ఎత్తి పట్టుకుంది. అద్దాలు కుట్టిన తొడుగు.

"ఒసేయ్, దీంట్లో పెట్టి చార్జింగ్ చేస్తున్నావా? బూరుగుదూది పరుపు మీదా?"

"దుమ్ము పడకుండా నేనే కుట్టేనమ్మా," అంది అత్తగారు. "టీవీకి కుట్టలేదూ, ఫ్రిజ్జుకి కుట్టలేదూ!"

ల్యాప్‌టాప్‌కి గాలి ఆడే కంతలు కింద పరుపుతో, పైన ముఖమల్‌తో మూసుకుపోయాయి. రోజూ అలా ఉడికితే ఏ బ్యాటరీ బతుకుతుంది? ఒక్క తొడుగే కారణమని నేను ఒట్టు వేయలేను, బ్యాటరీకి వయసు మీరి కూడా ఉండవచ్చు. లోపం బ్యాటరీదేనని మాత్రం తేలిపోయింది.

అల్లుడు తలెత్తాడు. "వేడని నేను ముందే చెప్పేను కదండీ."

"వేడన్నారు," అంది మేనకోడలు. "తొడుగు తియ్యమన్లేదు. ఉద్యోగం మానెయ్యమన్నారు."

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. మేనకోడలు ఈసారి బల్ల మీద పెట్టుకుని, అరువు బ్యాటరీ మీద ఆ రోజు ఫైలు పూర్తి చేసి, టెలిఫోను వైరు గుచ్చి పంపేసింది. ఆ అమ్మాయి పక్కనే కూర్చుని స్పెల్లింగులు చూసింది. ఆఫీసు కొత్త బ్యాటరీ పంపేదాకా ఇద్దరూ ఒకే బ్యాటరీని వంతులేసుకున్నారు. ఉద్యోగం నిలిచింది. తొడుగు మిక్సీకి వెళ్లింది.

ఇప్పుడు మీరు. మీ ఇంట్లో పాడై మూలపడిన వస్తువును ఇవాళే బయటికి తీయండి. దాన్ని వాడే ఆమెను పిలిచి, ఏమైందో అడగండి. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా నోరెత్తకండి. ఆమె ఫలానా పరీక్ష చేయాలంటే ఆమె చేతనే చేయించండి. దానికి ఇంకో ఇంటి వస్తువు కావాలా? ఆ ఇల్లు ఏ పేటలో ఉన్నా మీరే నడిచి వెళ్లి అడగండి. ఇచ్చిన మనిషిని అరుగు మీద కూర్చోబెట్టకండి, లోపలికి పిలవండి. లేవండి.