బిగించిన మట్టె

ద్రాక్షారామం గుడి నుంచి ఇంటికొచ్చి చూసుకుంటే నా ఎడమ కాలికి చెప్పు లేదు. ఆటో దిగి, గేటు తీసి, వసారాలో చెప్పులు విప్పబోతే ఒక్కటే ఉంది. గుడి బయట రెండూ వేసుకోవడం నాకు బాగా గుర్తు. ఎక్కడ జారిపోయిందో, ఎంత దూరం ఒట్టి కాలితో నడిచానో మాత్రం తెలియలేదు. మా అత్తగారు ఒకటే నవ్వు. "చెప్పు పోయిన సంగతి కూడా తెలియకుండా ఏం ఆలోచిస్తున్నావమ్మా?" అన్నారు. నేనూ నవ్వాను గాని లోపల భయం వేసింది.

తొంభైల చివరి మాట ఇది. రామచంద్రపురంలో మాకు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. నాకు షుగరని తెలిసి అప్పటికి ఆరేళ్ళు. అటు పుట్టింట్లో గాని ఇటు అత్తింట్లో గాని ఎవరికీ లేదు కాబట్టి తప్పంతా నాదేనని నేనే తీర్మానించుకున్నాను. నన్ను నేను తిట్టుకోవడంలో మా వీధిలో నాకు సాటి లేరు. ఒక కాజా తుంచి నోట్లో వేసుకుంటే చాలు, "తిండిపోతు ముండా, అనుభవించు" అనుకుని ఆ పూట అన్నం మానేసేదాన్ని. ఒక్కోసారి మాత్ర కూడా మానేసేదాన్ని, శిక్ష గట్టిగా ఉండాలని. మా పనిమనిషి గాజుగ్లాసు పగలగొట్టినా అందులో సగం మాట అనేదాన్ని కాదు.

చెప్పు పోయిన నెలలోనే డాక్టరుగారికి చూపించుకోవడానికి వెళ్ళాను. ఆయన నన్ను కళ్ళు మూసుకోమని పాదం మీద దూదితో తాకుతూ, "తెలుస్తోందాండీ?" అని అడిగారు. అడిగినప్పుడల్లా తెలుస్తోందనే చెప్పాను. నిజానికి ఏమీ తెలియలేదు. ఆ మాట ఒప్పుకుంటే ఏం తింటున్నారని నిలదీస్తారేమోనని సిగ్గు. ఆయన చీటీ మీద ఏదో రాసుకుని పంపించేశారు.

ఆ రోజుల్లోనే బాగా చిక్కిపోయాను. గాజులు మోచేతి దాకా పాకేవి. ఆషాఢం ఆఖర్లో ఒక ఉదయం స్నానం చేస్తుంటే ఎడమ కాలి మట్టె జారి తూము దగ్గర పడింది. భర్త ఉన్న ఆడదాని కాలి నుంచి మట్టె దానంతటదే ఊడితే మా ఇళ్ళల్లో దానికి ఒకటే అర్థం. మా ఆయన ఆ రోజు సరుకు తేవడానికి లారీలో వెళ్ళి ఉన్నారు. తడి చీరతోనే కొట్లోకి పరిగెత్తి కటింగ్ ప్లేయరు తెచ్చుకుని, మట్టెని వేలికి తొడిగి, రెండు కొనలూ కలిసేదాకా నొక్కేశాను. ఇక జన్మలో ఊడదనుకున్నాను. అంత బిగించినా నొప్పి లేదు. నొప్పి లేదు కదా, సరిగ్గా కుదిరిందని మురిసిపోయాను కూడా. సాయంత్రం ఆయన క్షేమంగా వచ్చారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పది రోజులకి ఆ వేలు ఉబ్బింది. పక్కన ఎప్పుడూ చెమ్మగా ఉండేది. పసుపు పుండ్లకి మంచిదే కదా అని పొద్దునా సాయంత్రం దట్టంగా పట్టించేదాన్ని. పైకి చూస్తే పాదం నిండా పసుపుతో లక్ష్మీకళే. కానీ నేను కూర్చుని లేచిన చోటికల్లా చీమలు బారు కట్టేవి. "బెల్లం ఎక్కడ ఒలకబోశావమ్మా?" అంటూ మా అత్తగారు గుమ్మం పొడుగునా చీమల మందు గీస్తూ ఉండేవారు. నేను మాట మార్చేదాన్ని.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని రేడియోలో చెప్పిన శుక్రవారం మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. ముసురు పట్టినా పేరంటానికి ఇరవై మంది దాకా వచ్చారు. ఒక్కొక్కరినీ పీట మీద కూర్చోబెట్టి కాళ్ళకి పసుపు రాశాను. అందరిదీ అయ్యాక పక్కింటి మామ్మగారు, మా వీధికంతటికీ పెద్ద ముత్తైదువ, నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంతమందికి రాశావు. కూర్చో, నీకు నేను రాస్తాను."

"పెద్దవారు, మీరు నా కాళ్ళు ముట్టుకోవడమేంటండీ?" అని వెనక్కి లాక్కోబోయాను. ఆవిడ వింటేనా! బలవంతంగా పీట మీద కూలేశారు. ఎడమ పాదం మీద చెయ్యి వేసి ఆగిపోయారు.

"మట్టె కనపడదేమే?"

చెంబుతో నీళ్ళు పోసి పసుపంతా కడిగేశారు. మట్టె కండలోకి దిగిపోయి ఉంది. వేలు నల్లబడింది. పసుపు పోయాక వాసన కూడా తెలిసింది.

"నొప్పి లేదా తల్లీ?"

"లేదండీ," అన్నాను, అదేదో శుభవార్త అయినట్టు.

మర్నాడు కాకినాడ తీసుకెళ్ళారు. కుళ్ళు ఎముకకి పట్టేసింది, వేలు తీసెయ్యాలి, ఆలస్యమైతే పాదమే పోతుందన్నారు అక్కడి సర్జనుగారు. ముందు మట్టె కొయ్యాలంటే నేను కాలు దగ్గరికి లాగేసుకున్నాను. "ఆయన ఉండగా మట్టె తీయకూడదండీ," అని ఏడ్చాను. ప్లేయరుతో బిగించిన సంగతీ అప్పుడే బయటపడింది. గుమ్మంలో నిలబడి విన్న మా ఆయన, ఎన్నడూ గొంతు పెంచని మనిషి, గట్టిగా అరిచారు. "నేను బతకడానికి నీ కాలు పోవాలేంటే?" ఆ తర్వాత సర్జనుగారి వైపు తిరిగి, "కోసెయ్యండి బాబూ," అన్నారు.

వేలు పోయింది. ఇంకోసారి ఇలా వస్తే కాలే తియ్యాల్సి వస్తుందని, రోజూ పాదాలు చూసుకోమని మరీ మరీ చెప్పి పంపారు. నేను చూసుకోలేదు. కట్టు మారుస్తున్నంతసేపూ గోడవైపు తిరిగేదాన్ని. మానాక మేజోళ్ళు తొడిగేశాను. ఆ కాలంటే నాకు అసహ్యం. నా తప్పులన్నిటికీ సాక్ష్యంలా కనపడేది.

ఏడాది తిరిగి మళ్ళీ శ్రావణం వచ్చింది. ఈసారి మొదట మామ్మగారే వచ్చి పీట మీద కూర్చున్నారు. ఆవిడ మడమలు పగిలి ఉన్నాయి. అలవాటు కొద్దీ పాదం నా ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులు తుడిచి, "ఇక్కడ బాగా పగిలిందండీ, పాపం, ఎలా నడుస్తున్నారు? గోరువెచ్చటి నీళ్ళతో కడుక్కుని ఆముదం రాసుకోండి," అన్నాను.

ఆవిడ నా మేజోళ్ళ వైపు చూశారు. "నా పగుళ్ళకే ఇంత జాలిపడ్డావు. నీ కాలు ఎప్పుడు చూసుకున్నావే?"

ఒళ్ళు మండింది. పండగపూట పదిమందిలో అడగాల్సిన మాటా అది! పక్కావిడ దగ్గరికి జరిగిపోయాను. అందరూ వెళ్ళాక పీట ఇంకా అక్కడే ఉంది. దాని మీద కూర్చుని మేజోడు తీశాను. పోయిన వేలి పక్క సందులో చర్మం తెల్లగా నాని, కొద్దిగా చీలి ఉంది. ఇంకో వారం మేజోడు తియ్యకపోతే ఏమయ్యేదో నాకు వేరే చెప్పక్కర్లేదు. అలవాటుగా తిట్టు నోటిదాకా వచ్చింది. చేతిలో ఇంకా మామ్మగారి కాలు తుడిచిన తుండుగుడ్డ ఉంది. దాంతోనే నా కాలు కూడా తుడిచాను. "పాపం," అన్నాను పైకే. నాకోసం ఆ మాట అనుకోవడం అదే మొదలు. చాలాసేపు ఏడ్చాను.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆ పీట మీద కూర్చుంటాను. అరికాలి కింద అద్దం పెట్టుకుని చూస్తాను. కళ్ళు మూసుకుని దీపం వత్తితో తాకుతూ, "తెలుస్తోందా అమ్మా?" అని నన్ను నేనే అడుగుతాను. ఇక్కడ అబద్ధం చెప్పినా వినేవాళ్ళెవరూ లేరు. మొదట్లో వేళ్ళ దగ్గరే తెలిసేది కాదు. తర్వాత అరికాలు. కిందటేడు ఆ మొద్దుబారడం చీలమండ దాకా వచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఎన్ని అడుగులకి వచ్చాయో రేడియో చెప్పినట్టు నేనూ చెప్పగలను. అంతకంటే ఏమీ చెయ్యలేని రోజులే ఎక్కువ.

ఇదంతా ఎడమ కాలి సంగతి. కుడికాలు మంచిదనే ధైర్యం ఉండేది. మొన్న కుడికాలి వేళ్ళ మీద వత్తి ఆనించి అడిగాను. ఏమీ తెలియలేదు. చెయ్యి తప్పిందేమోనని కళ్ళు తెరిచాను. వత్తి మట్టె పక్కనే, వేలి మీదే ఉంది. వేలు కొద్దిగా ఉబ్బి ఉంది.

"తెలియట్లేదు," అన్నాను.

తిట్టుకోలేదు. ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని, మెత్తగా తుడిచి, మట్టె కొనలు మెల్లగా విడదీసి నా చేత్తో నేనే తీశాను. కుంకుమ భరిణెలో పెట్టి మూత వేశాను. "ఏవండీ, కాకినాడ వెళ్ళాలి," అని కేక వేసి, ఊపిరి బిగబట్టి విన్నాను.

కొట్లోంచి ఆయన గొంతు వినపడింది. "వస్తున్నానే, ఉండు."