మూడో జట్టు

గల్ఫ్‌లో, సబ్హాన్‌ కూలీల క్యాంపులో మా గదిలో రెండు గ్యాసు పొయ్యిలు. పాత కొట్లాట తర్వాత ఒకటి కడపవాళ్లకు, రెండోది గోదావరివాళ్లకు అని పంచుకున్నారట. ఆదిలాబాద్ నుంచి కొత్తగా వచ్చిన నాకు ఏదీ లేదు. ఎవరు చేర్చుకున్నా ఒప్పందం చెడుతుందన్నారు. వారం రోజులు ఖుబూస్ రొట్టె నీళ్లలో ముంచుకుని తిన్నాను.

కడపవాళ్ల పెద్దాయన, "అందురూ తింటిరా?" అని అడగందే ముద్ద ఎత్తడు. ఆ ప్రశ్న తనవాళ్లకే. ఒక శుక్రవారం నేనే, "నేను తినలే పెద్దాయనా" అన్నాను.

ఆయన కంచం పక్కన పెట్టి తనవాళ్లతో అన్నాడు: "నన్ను మీ జట్టులోంచి తీసెయ్యండ్రా. ఈయప్పా నేనూ మూడో జట్టు. మాకూ పొయ్యి గావల్ల."

ఇరవై ఏళ్లుగా ఆ పొయ్యికి ఆయనే పెద్ద. మర్నాడు పొద్దున ఖాళీ గిన్నె పట్టుకుని, వంతు కోసం నా పక్కన నిలబడ్డాడు.