లోర్నా ఆంటీ మా అవ్వతో అన్న ‘పో’

నేను ఆరో క్లాసు చదివే రోజులు... ఒక ఆదివారం పొద్దున నాయన ఆటో హిందూపురం స్టేషన్ నుంచి వచ్చి మా ఇంటి ముందు ఆగింది. అందులోంచి పొట్టిగా, నవ్వుమొహంతో ఒక ఫిలిప్పీన్స్ ఆంటీ దిగింది. పేరు లోర్నా. వీధిలో పిల్లలందరం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం.

అమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయినప్పుడు ఇద్దరూ ఒకే ఇంట్లో చేశారు. అమ్మ జ్వరంతో మంచాన పడితే గంజి కాచి తాగించింది ఈమేనట. సెలవు మీద సొంతూరికి పోతూ, అమ్మను చూడాలని దారిలో మా ఇంటికొచ్చింది. ఇద్దరూ అరబ్బీలో గలగలా మాట్లాడుకుంటుంటే మాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!

అమ్మ లేని ఆ ఏళ్లన్నీ నన్నూ తమ్ముణ్నీ పెంచింది అవ్వ, మా నాయన తల్లి. జడలు వేసి, సంగటి ముద్దలు మింగించి, బడికి తరిమేది. అమ్మ తిరిగొచ్చాక వంటిల్లు మెల్లగా అమ్మ చేతికి పోయింది. పప్పుల డబ్బాలు చోటు మారాయి. అవ్వ పొద్దంతా అరుగు మీదే కూర్చోవడం మొదలుపెట్టింది. అత్తాకోడళ్ల మధ్య గొడవా లేదు, చనువూ లేదు... ఇల్లంతా ఏదో బిగుసుకుపోయినట్టుండేది.

చుట్టం రాకముందే అమ్మ మాకు నాలుగు మాటలు నేర్పింది. “సలామత్” అంటే థ్యాంక్స్. “కుముస్తా” అంటే ఎట్లుండావు అని. మేం వీధిలో కనిపించిన ప్రతివాణ్నీ “కుముస్తా” అని పలకరించి తిట్లు తిన్నాం.

లోర్నా ఆంటీ గుమ్మం దాటగానే నేరుగా అవ్వ దగ్గరికి పోయి, ఆమె చెయ్యి పట్టి తన నుదుటికి ఆనించుకుంది. “మానో పో” అంది. అవ్వ మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది. కాఫీ అందిస్తే “సలామత్ పో”. పీట వేస్తే మళ్లీ “సలామత్ పో”...

“ఏందిమే ఇది? చెయ్యి మొక్కుతాది, పో అంటాది!” అంది అవ్వ నా చెవిలో.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆంటీ సంచీలోంచి వాళ్ల దేశం నోట్లు తీసింది, గుర్తుగా ఉంచుకోమని. నాకు చేప బొమ్మ ఉన్న ఎర్ర నోటు. తమ్ముడికీ అలాంటిదే. నారింజ రంగు నోటు మాత్రం రెండు చేతులతో అవ్వ చేతిలో పెట్టి, “పారా సా ఇన్యో పో” అంది.

అవ్వ నోటు వైపు చూసింది. అమ్మ వైపు చూసింది. లోపలికి పోయింది.

కాసేపటికి నేను పోయి చూస్తే పాత దుప్పటి పరిచి చీరలు మూట కడుతోంది. పెనుకొండలో మా మేనత్త ఉంటుంది, అక్కడికి పోతుందట. అవ్వ లేని ఇల్లు నాకు తెలీదు. “అమ్మా... అవ్వ పోతాంది!” అని గట్టిగా ఏడ్చేశాను.

అమ్మ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. “యాడికి అత్తా? ఏమైంది?”

“నువ్వు నోరు తెరిచి అనలేక స్నేహితురాలితో అనిపిస్తాండావు కదమ్మా! వచ్చినప్పటినుంచీ పో, పో అంటానే ఉండాది. ఇప్పుడు బస్సు చార్జీకి చేతిలో దుడ్లు గూడా పెట్టింది. పిల్లోళ్లు పెద్దయిరి, నాతో ఇంకేం పని?”

అమ్మకు ముందు నవ్వొచ్చింది. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. మూట పక్కనే కింద కూలబడింది.

“అయ్యో అత్తా! వాళ్ల భాషలో పో అంటే పొమ్మని కాదు. టీవీలో ‘అండీ, అండీ’ అంటారే, ఆ మాదిరి మర్యాద మాట. నోటు గూడా ‘ఇది మీకండీ’ అనే ఇచ్చింది. పెద్దోళ్లతోనే ఆ మాట అంటారు. నాతో ఒక్కతూరన్నా అనిందా, నువ్వే చెప్పు!”

నిజమే, అనలేదు. అవ్వ మూట కట్టడం ఆపింది.

“అంటే... ఈ ఇంటికి పెద్దదాన్ని నేనేనని అనిందా ఆ పిల్ల?”

“నువ్వు గాక ఇంకెవురత్తా? నువ్వు ఈడ ఉండావనే కదా, బిడ్డల్ని వదిలి అంత దూరం పోగలిగినాను...”

అమ్మ తిరిగొచ్చాక ఆ మాట అనడం అదే మొదటిసారి. అవ్వ మూట విప్పింది. కళ్లు తుడుచుకుని నోటు తిప్పి చూసి, “కొండ మింద వరిమడులు ఉండాయే! నీళ్లెట్ల ఎక్కిస్తారబ్బా?” అంది. ఆ సాయంత్రం అరుగు మీద అవ్వ, అమ్మ, ఆంటీ ముగ్గురూ కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచారు.

మరుసటి రోజు స్టేషన్‌కు అవ్వ కూడా వచ్చింది. ధర్మవరం చీర ఒకటి ఆంటీ చేతిలో పెట్టి, బుగ్గలు నిమిరి, “పోయి రా తల్లీ... పోయి రా” అంది. ఆంటీకి ‘పో’ ఒక్కటే తెలిసింది. అంత పెద్దావిడ తనను ‘అండీ’ అందనుకుని, అమ్మను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ అసలు అర్థం చెప్పలేదు... ఈ రోజుకీ చెప్పలేదు.

అవ్వ ఇప్పుడు లేదు. ఎవరు ఏ భాషలో ఏమన్నా ఫోను చిటికెలో చెప్పేస్తుంది. మంచిదే... అప్పుడు మా ఇంట్లో అలాంటి ఫోను ఉండుంటే అవ్వ అంత బాధపడేది కాదు. కానీ అమ్మ నోటి నుంచి ఆ మాట వచ్చేదా? వినకుండానే అవ్వ వెళ్లిపోయేదేమో...

మీ ఇళ్లలో కూడా ఎవరైనా ఒక మాటను తప్పుగా విని, దాంతో దగ్గరైన వాళ్లున్నారా? ఉంటే రాయండి, అమ్మకు చదివి వినిపిస్తాను.