నర్సవ్వ చదివించిన కాగితం

నీలగిరి తైలం వాసన తగిలితే నాకు మొదట కోపమే వస్తుంది. మొన్న సూరత్‌లో ఉధ్నా వెళ్లే సిటీ బస్సులో పక్క సీటు ఆవిడ జలుబుకని చేతిరుమాలు మీద నాలుగు చుక్కలు వేసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ ఘాటు నా దాకా రాగానే మొహం చిట్లించుకుని కిటికీ వైపు తిరిగాను. నా విసుగు ఆవిడ మీద కాదని రెండు స్టాపులు దాటాక గానీ అర్థం కాలేదు. కరోనా రోజుల్లో మా నర్సవ్వ కనిపించిన ప్రతి మాస్కు లోపలా ఆ తైలం రాసేది. ఎవరినీ అడిగేది కాదు. దండెం మీద ఆరేసిన మాస్కులన్నిటికీ పూసేసి వెళ్లిపోయేది, అవి కట్టుకుని మేము కళ్ల నీళ్లు తుడుచుకుంటూ తిరిగేవాళ్లం. ఆమె పోయి రెండేళ్లు దాటింది. ఆమె మీద నా విసుగు మాత్రం ఇంకా పోలేదు. పోవాలని నాకూ లేదు.

గోడాదరాలో మా గదికీ ఆమె గదికీ మధ్య ఒకటే గోడ. పెళ్లయి జగిత్యాల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చిన నాటి నుంచీ ఆ గోడ అవతల కండెలు చుట్టే మోటారు మోత వింటూనే ఉన్నాను. ఆమె భర్త మగ్గాల మీద పనిచేసేవాడు, ఎప్పుడో చనిపోయాడు. పిల్లలు లేరు. కార్ఖానా నుంచి దారం తెచ్చుకుని కండెలు చుట్టి ఇస్తూ ఒక్కతే బతికేది. మోటారు ఆగిందంటే మా గదుల లైనులో అందరికీ గుండె దడ, ఎందుకంటే ఆమె ఎవరింట్లోకో బయలుదేరినట్టే. నా పప్పులో ఉప్పు చూసేది. పాపకు నేను నూనె రుద్దే తీరు తప్పు పట్టేది. మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తే తలుపు కొట్టి, ఈ వేళప్పుడు పడుకుంటారా అని నిలదీసేది.

వీటన్నిటినీ మించింది ఆమె కాగితాల పిచ్చి. నర్సవ్వకు చదువు రాదు. రానందుకు ఏమాత్రం సిగ్గుపడేది కాదు. రేషన్ దుకాణమైనా, మందుల కొట్టయినా, టీకా కేంద్రమైనా, కాగితం ఇచ్చినవాడి చేతనే దాన్ని మొదటి నుంచి చివరి దాకా పైకి చదివించేది. ఒక్కసారి చదివితే సరిపోదు, రెండుసార్లు చదవాలి. వెనక వరుస గొణిగేది. ఇంటర్ పాసైన మనిషిని పక్కనే ఉన్నాను, ఇంటికెళ్లాక నేను చదివి చెబుతాను కదా అని బతిమాలేదాన్ని. "నువ్వు సదివితె నాకు ఎరుకైతది. వాడు సదివితె వానికి ఎరుకైతది" అనేది. నేను తలవంచుకుని చెప్పుల వంక చూస్తూ నిలబడేదాన్ని.

2020 మే నెలలో, ఊరంతా మూసి ఉన్నప్పుడు మా పాప పుట్టింది. అప్పటికి ఆరు నెలల ముందే మా ఆయన షార్జా వెళ్లి ఒక బట్టల గోదాములో పనికి కుదిరాడు. మొదట విమానాలు ఆగిపోయాయి. అవి మళ్లీ తిరిగే నాటికి, సెలవు పెట్టి వస్తే తిరిగి పనిలోకి రానిస్తారో లేదోనన్న భయం పట్టుకుంది. కూతురు బోర్లా పడడం, కూర్చోవడం, తొలి అడుగులు వేయడం అన్నీ ఆయన ఫోన్లోనే చూశాడు. పాపకు కూడా నాన్న అంటే ఫోనే. అది మోగితే చాలు, "నాన్న" అంటూ దాన్ని ముద్దు పెట్టుకునేది. మరుసటి ఏడు మళ్లీ విజిట్ వీసాలు ఇస్తారన్న మాట వినపడింది. సూరత్‌లో ఆయనతో కలిసి పనిచేసిన దోస్తు ఒకాయన షార్జాలో భార్యతో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాడు. ఒక గది నెల రోజులు మీకే ఇస్తాం, బిడ్డను తెప్పించుకో అన్నారు వాళ్లు. తండ్రి బిడ్డను ఒక్కసారి ఎత్తుకోవాలి, మా ఇద్దరికీ అంతకు మించి కోరిక లేదు. మళ్లీ ఎప్పుడు దారులు మూసేస్తారో ఎవరికీ తెలియదు. పాపకు వెంటనే పాస్‌పోర్టు కావాలి.

దానికి జనన ధ్రువపత్రం ఉండాలి. అది బీరువాలో భద్రంగానే ఉందన్నాను. నర్సవ్వ చూసి మడతల దగ్గర నలిగిందని, ఇంకో ప్రతి తీయించాల్సిందేనని పట్టుబట్టింది. అక్కర్లేదని వాదించి ఓడిపోయి, పాపను చంకనేసుకుని వార్డు ఆఫీసుకు బయలుదేరాను. మాస్కు మీద మాస్కు కట్టుకుని ఆమె కూడా తయారు. గంటసేపు వరుసలో నిలబడ్డాక కౌంటర్లో గుజరాతీ గుమాస్తా కొత్త ప్రతి తీసి అద్దం కింది సందులోంచి తోశాడు. నేను అందుకునేలోపే నర్సవ్వ దాన్ని వెనక్కి తోసింది. "బేటా, జర పఢ్ కే సునావో" అని చదివి వినిపించమంది. ఆయన నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. విసుక్కుంటూనే చదవడం మొదలుపెట్టాడు. పుట్టిన తేదీ చదివాడు, తల్లి పేరు చదివాడు, తండ్రి పేరు చదివాడు. బిడ్డ పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. అక్కడ ఏమీ రాసి లేదు.

పద్నాలుగు నెలలుగా ఆ కాగితం నా దగ్గరే ఉంది. దాన్ని భద్రంగా దాచానే గానీ ఒక్కసారీ చదవలేదు. మా ఇళ్లల్లో పిల్లకు పేరు పెట్టేది మేనత్త. తొట్టెలలో వేసి చెవిలో ఆమె చెప్పాకే ఆ పేరు బయటికి రావాలి. మా ఆయన అక్క లలిత వదిన సిరిసిల్ల వైపు ఉంటుంది. పాప పుట్టినప్పుడు రైళ్లు లేవు. రైళ్లు వచ్చాక వాళ్ల మామగారు పోయారు, ఏడాది దాకా శుభకార్యాలు కూడవు. ఈలోపు రెండోసారి కరోనా విరుచుకుపడింది. ఆస్పత్రిలో పేరు అడిగితే తర్వాత రాయిస్తామని చెప్పి వచ్చాను, ఆ సంగతే మరిచిపోయాను. ఏడాది దాటినా మా ఇంట్లో పాప ఉత్త పాపగానే ఉండిపోయింది.

ఇదంతా వచ్చీరాని హిందీలో చెబితే గుమాస్తా కోపగించుకోలేదు సరికదా, తలాడించాడు. వాళ్లలోనూ మేనత్తే పేరు పెడుతుందట. తన మనవరాలికి ఫోన్లోనే పెట్టించామని, మీరూ అలా కానివ్వండని అన్నాడు. అక్కడే నిలబడి వదినకు ఫోన్ చేశాను. ఫోన్లో ఎవరైనా పేరు పెడతారా అంది. దీపావళి వెళ్లాక వస్తాను, అందాకా ఆగండి అంది. పోనీ ఏం పేరు అనుకుంటున్నావో చెప్పు వదినా, కాగితంలో రాయిస్తాం అంటే, చెవిలో చెప్పక ముందే బయటపెడితే బిడ్డకు మంచిది కాదని ఫోన్ పెట్టేసింది. గుమాస్తా గడియారం చూశాడు. ఒక ఫారం ఉంది, తల్లి సంతకం చాలు, పేరు ఒక్కటి చెప్పండి అన్నాడు. నాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన జవాబు ఒకటుంది, అదే చెప్పాను. ఇంట్లో అడిగి చెబుతాను అన్నాను.

"ఇల్లంటె ఎవరే? నీ సంకలనే ఉన్నది గద" అంది నర్సవ్వ.

నాకు ఒళ్లు మండింది. అన్నిట్లో వేలు పెట్టే మనిషి కదా, ఇందులోనూ పెట్టి పుణ్యం కట్టుకోరాదా అనిపించింది. అవ్వా, నువ్వే ఏదో ఒక పేరు చెప్పు, పెద్దదానివి అన్నాను. ఆమె పాప వైపు చూసింది, నా వైపు చూసింది. "పప్పుల ఉప్పు జెప్త. పేరు నేను జెప్ప. నీ నోరు నీకున్నది" అని వెళ్లి బెంచీ మీద కూర్చుంది. నేను పిలిచినా లేవలేదు. కావలసినప్పుడు ఒక్కసారి ఉపయోగపడమంటే మౌనవ్రతం పట్టిన మనిషిని ఏం చేయాలి? ఏడుపు వచ్చింది. అవతల కౌంటర్ తలుపు దించే వేళ అవుతోంది. ఫారం మీద 'మల్లిక' అని రాశాను. అప్పుడు లేచి వచ్చింది మహాతల్లి. ఫారాన్ని గుమాస్తా చేత రెండుసార్లు చదివించింది. మూడోసారి పేరు ఒక్కటే చదివించింది.

ఆ సాయంత్రం మా ఆయనకు చెబితే, అక్కను అడగకపోతివా అన్నాడు. అడిగానని చెప్పినా వినిపించుకోలేదు. రెండు రోజులు ఫోన్ చేయలేదు. వదిన అయితే నాతో మాట్లాడడమే మానేసి, తమ్ముడికి మాత్రం తన మనసులోని మాట చెప్పింది. చనిపోయిన వాళ్లమ్మ పేరు రాజేశ్వరి అని పెడదామనుకుందట. ఆ ముక్క ఆ రోజు నాతో అని ఉంటే నేనూ అదే రాసేదాన్ని, ఈ రభస ఉండేది కాదు. ఆమె తల్లి పేరు మీద ఆమెకెంత ఆశ ఉందో ఆలోచిస్తే బాధ కలుగుతుంది. కానీ ఎవరి మనసులో ఏముందో కనిపెట్టుకుని బతకడం ఎంత కష్టం! ఆ నాటి నుంచి మా ఆయన వీడియోలో పాపను పట్టుదలగా రాజేశ్వరీ అని పిలవసాగాడు. ఇటు నర్సవ్వ లైనులో ఇంటింటికీ తిరిగి పేరు చెప్పి వచ్చింది. పొద్దున లేస్తే గోడ అవతలి నుంచి మోటారు మోతను మించి "మల్లికా" అని అరుపు. మరో వారానికి పాప ఆ పేరు వినగానే గోడ దగ్గరికి పరిగెత్తడం మొదలుపెట్టింది. నాకు ఇల్లు విడిచి పారిపోవాలనిపించేది.

పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది, టీకాల కాగితాలు, ముక్కు పరీక్షల కాగితాలు ఒక సంచీ నిండాయి. ముంబయి రైలు ఎక్కడానికి స్టేషన్‌కు వెళ్తే ప్లాట్‌ఫారం మీద చేతిసంచీతో నర్సవ్వ. విమానం దాకా దిగబెట్టి వస్తానంది. దారిలో పాప సామాను సర్దుతానని సర్ది, నీలగిరి తైలం సీసా మూత సరిగా బిగించలేదు. పాప లంగోటీలు, గౌన్లు, పాల సీసా తుడిచే గుడ్డ అన్నిటికీ అదే వాసన. విమానాశ్రయం గేటు లోపలికి ఆమెను రానివ్వరని తెలిసినప్పుడు హమ్మయ్య అనుకున్నాను, దాచేదేముంది. ఆమె పాప తల నిమిరి, గేటు కాపలావాడి చేత నా టికెట్టు చదివించి మరీ పంపింది.

లోపల కౌంటర్లో అమ్మాయి, పాప పరీక్ష కాగితం ఏదని అడిగింది. పసిపిల్లలకు అక్కర్లేదని మాకు చెప్పారన్నాను. అందరికీ కావాలి అంది. మా ఆయనకు ఫోన్ చేయబోయి ఆగాను. ఆ నియమం ఎక్కడుందో ఒకసారి పైకి చదివి వినిపిస్తారా అని హిందీలో అడిగాను. ఆమె చదివింది. రెండో వాక్యంలోనే చిన్నపిల్లలకు మినహాయింపు ఉంది. పొరపాటని నొచ్చుకుని కాగితాలు ముద్ర వేసి ఇచ్చింది. నా వెనక వరుస గొణుగుతూనే ఉంది, ఈసారి నేను చెప్పుల వంక చూడలేదు. విమానంలో ఆ తైలం ఘాటుకు పాప తుమ్మినప్పుడల్లా ముందు వరుస, వెనక వరుస కూడా మాకు దూరంగా ఒరిగి కూర్చున్నాయి. మూడు గంటలు నర్సవ్వను తిట్టుకుంటూనే ఉన్నాను.

షార్జాలో మా ఆయన గేటు దగ్గర చేతులు చాచి నిలబడ్డాడు. "రాజేశ్వరీ, రా బిడ్డా" అన్నాడు. పాప ఆయన్ని చూసి గుక్కపట్టి ఏడ్చి, నా చేతిలోని ఫోన్ లాక్కుని అందులో నాన్న కోసం వెతికింది. మరునాడూ అంతే. వారం గడిచింది. ఆయన బొమ్మలు తెచ్చాడు, మిఠాయి తెచ్చాడు, దోస్తు భార్య పాటలు పాడింది. ఆయన గదిలోకి వస్తే పాప నా వెనక దాక్కునేది. నెల రోజుల కోసం నెలల తరబడి ఇన్ని అగచాట్లు పడితే రోజులు ఇలా కరిగిపోతున్నాయి. ఆయన మొహం చూడలేకపోయేదాన్ని. పదో రోజున నర్సవ్వకు ఫోన్ చేసి ఏకరువు పెట్టాను. ఏమని పిలుస్తున్నాడు అని అడిగింది. చెప్పాను. "గా మాట నాకెందుకు జెప్తున్నవు? వానికి జెప్పు" అని ఫోన్ పెట్టేసింది.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటుంటే చెప్పాను. "దానికి తెల్సిన పేరు మల్లిక. ఇంకో పేరు పెట్టి పిలుస్తె ఎట్లొస్తది?" ఆయన కంచం కడుక్కుని వెళ్లి పడుకున్నాడు. మళ్లీ రెండు రోజులు మాటలుండవు కాబోలు అనుకున్నాను. మర్నాడు పొద్దున డ్యూటీకి బూట్లు వేసుకుంటూ, ఎవరి వంకా చూడకుండా, మెల్లగా "మల్లికా, నేను పోతున్న" అన్నాడు. నేలమీద గిన్నెలతో ఆడుకుంటున్న పాప తల తిప్పింది. చాలాసేపు ఆయన్నే చూసింది. లేచి వెళ్లి, ఆయన ఇంకా వేసుకోని రెండో బూటు పట్టుకుని అందించింది. ఆయన దాన్ని తీసుకోలేదు, పాపనే తీసుకున్నాడు. అది ఏడవలేదు. గోదాము బండి కింద హారన్ కొడుతూనే ఉంది.

"ఈ పేరు యాడికెల్లి తెచ్చినవు?" అని అప్పుడు అడిగాడు, అన్ని నెలల తర్వాత మొదటిసారి. ఎనిమిదో తరగతిలో మా లెక్కల టీచరు పేరని చెప్పాను. బోర్డు మీద తను తప్పు రాస్తే మాకు తనే చూపించి చెరిపేసేదని చెప్పాను. ఎవరైనా ఆ పేరు పెట్టమన్నారా అన్నాడు. "ఎవరు అన్లే. నాకు నచ్చింది, పెట్టిన" అన్నాను. ఆయన పాపను దించలేదు. ఆ మాట పైకి అనడానికి నాకు ఇరవై ఆరేళ్లు పట్టింది. ఇప్పుడు ఏ కౌంటర్ దగ్గరైనా, ఏ బంధువు ముందైనా నా జవాబు నేనే చెబుతున్నాను. ఒక్కోసారి తప్పు చెబుతాను. అయినా నేనే చెబుతాను.